స్విచ్చి ఎవరి చేతిలో ఉంది?

గత దీపావళి విందునాడు మా దంపతులకు పులిహోర కంటె ముందు సలహాలు వడ్డించారు. కారణం మా చిన్నది. దానికప్పటికి రెండేళ్ళు నిండి రెండు నెలలు. పండగపూట పట్టులంగా కట్టుకుని, జుట్టు మాత్రం చిక్కులు పడి, సగం ఆరి సగం ఆరక, పిచ్చుకగూడులాగ పెట్టుకుని వచ్చింది. "ఇదేమిటమ్మా, పండగనాడు పిల్లకి తలంటి జడ వెయ్యలేదా?" అని అడిగినవారికల్లా ఉన్నమాట చెప్పాము. తలంటాము గాని ఆరబెట్టలేకపోయాము, దానికి హెయిర్ డ్రయ్యర్ చప్పుడంటే భయం అని. అంతే, చుట్టూ పదిమంది చేరారు.

"ఏడిస్తే ఏడవనీ అమ్మాయ్, నాలుగు రోజులకి అదే అలవాటైపోతుంది" అన్నారు ఒకావిడ. "మా వాడిని నలుగురం కదలకుండా పట్టుకుని మిషన్ పెట్టించాం, ఇప్పుడు చూడండి ఎంత బుద్ధిగా కూచుంటాడో" అన్నారు ఇంకొకరు. అనడమే కాక ఆ పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తూండగా ఫోనులో తీసిన బొమ్మ కూడా చూపించారు. అందరూ నవ్వారు. ఆ పిల్లవాడు పక్కనే నిలబడి ఉన్నాడు. "మీరు భయపడుతున్నారు గనకే అది భయపడుతోంది" అని ఒక డాక్టరుగారు సెలవిచ్చారు. "పుస్తకాలు చదివి చదివి పిల్లల్ని పెంచడం మరిచిపోయారు ఈ కాలంవాళ్ళు" అని ఒక పెద్దాయన తేల్చేశారు.

ఇవన్నీ ప్రేమతో చెప్పినవే, కాదనము. సంపాదకులు ఈ సంచికలో రెండు పేజీలు ఖాళీ ఉన్నాయన్నారు గనక, ఆ రాత్రి మర్యాదకోసం మింగిన జవాబును ఇక్కడ కక్కుతున్నాము. ఆ సలహాలు తప్పు. ఊహించి అంటున్నమాట కాదు. అవన్నీ మేము అంతకుముందే పాటించి చూశాము. అదే మా బాధ.

జరిగింది ఇది. ఆగస్టు చివర మా అమ్మమ్మగారు, అంటే చిన్నదాని అమ్మమ్మ, ఆరు నెలలు ఉండిపోదామని గుంటూరు నుంచి మిషిగన్ వచ్చారు. వస్తూ వస్తూ కుంకుడుకాయలు, సున్నిపిండి, ఒక చిన్న ఇత్తడి నూనెగిన్నె తెచ్చారు. ఆదివారం వచ్చిందంటే మనవరాలిని కాళ్ళమీద పడుకోబెట్టుకుని మాడుకి నూనె అంటి, చెవుల వెనక మెల్లిగా రాస్తూంటే అది అలాగే నిద్రపోయేది. అంతవరకు బాగానే ఉంది. అక్టోబరు వచ్చేసరికి చలి మొదలయింది. తడితలతో ఉంటే పిల్లకి జలుబు చేస్తుందని ఆవిడ బెంగ. సోమవారం పొద్దున్నే ఏడున్నరకు డేకేర్‌లో దింపి ఉద్యోగాలకు పరుగెత్తాలని మా తొందర. రెండూ కలిసి ఒక హెయిర్ డ్రయ్యర్ కొన్నాము. వెచ్చగా ఉంటుందని స్నానాలగది తలుపు మూశాము. ఒకరం చేతులు పట్టుకున్నాము, ఒకరం ఆరబెట్టాము. అయిదు నిమిషాల పని.

మొదటి ఆదివారం డ్రయ్యర్ మోగినప్పుడు ఏడిచింది. రెండో ఆదివారం డ్రయ్యర్ కనపడగానే ఏడిచింది. మూడో ఆదివారం కుళాయి తిప్పగానే ఏడిచింది. ఆ తరవాత నూనెగిన్నె చూస్తే ఏడుపు. చివరికి ఒకనాడు అమ్మమ్మ కూచుని, చేతులు చాచి, "రా తల్లీ, జడ వేస్తాను" అంటే, అది పరుగెత్తి భోజనాల బల్లకింద దూరింది. ఆవిడ ఏమీ అనలేదు. గిన్నెలో నూనె తిరిగి సీసాలో పోసి, గిన్నె తుడిచి, అలమారలో పై అరలో పెట్టారు. ఆరు నెలలకని వచ్చిన మనిషి. అందులో రెండు నెలలకు పైగా ఆ గిన్నె అలమారలోనే ఉండిపోయింది. ఈ పని చేసినది మేమే.

"అలవాటైపోతుంది" అన్నారు గదా, అయింది మరి. చప్పుడుకి కాదు, భయానికి అలవాటయింది.

ముందు ఆ చప్పుడు సంగతి చూద్దాము. మన సంఘంలో ఇంజనీర్లు ఎక్కువ, అంకెలు లేనిదే మాట చెవికెక్కదు. మనం మామూలుగా మాట్లాడుకునే మాట ఇంచుమించు 60 డెసిబెల్స్. హెయిర్ డ్రయ్యర్లు సాధారణంగా 80 నుంచి 90 వరకు ఉంటాయి. ప్రతి పది డెసిబెల్స్‌కు చప్పుడు చెవికి సుమారు రెట్టింపు అయినట్టు వినపడుతుంది. అంటే మాట కంటె నాలుగు నుంచి ఎనిమిది రెట్లు. దానికి తోడు దూరం. ఆరుబయట ఐతే చప్పుడు పుట్టేచోటికి సగం దూరం దగ్గరికి జరిగితే ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. మనం చెయ్యి చాచి పట్టుకుంటాము. పిల్లకి ఆ గొట్టం చెవి పక్కనే. పైగా పసిపిల్లల చెవిరంధ్రం చిన్నది, అందువల్ల కీచుగా ఉండే చప్పుళ్ళు మనకంటె వారి కర్ణభేరికి ఎక్కువ తాకుతాయి. ఇహ స్నానాలగది పలకల గోడలు చప్పుడుని పీల్చుకోవు, తిప్పి కొడతాయి. ఆ గది తలుపు మూసి, ఆ యంత్రాన్ని ఆ చెవి దగ్గర పెట్టి, "ఏముందమ్మా ఇందులో, గాలేగా!" అంటాము.

నిజం చెప్పాలి గనక ఇదీ చెబుతాము. అయిదు నిమిషాల డ్రయ్యర్‌తో చెవులు పోవు. కార్మికుల విషయంలో ఇక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ పెట్టిన హద్దు 85 డెసిబెల్స్ చొప్పున ఎనిమిది గంటలు. అంచేత చెవులు చెడతాయని బెదిరించడం మా ఉద్దేశం కాదు. చెడేది వేరే ఉంది.

మనలో ఎంతమందిమి పళ్ళ డాక్టరు డ్రిల్లు మోగించగానే కుర్చీ చేతులు బిగించి పట్టుకోము? నలభై ఏళ్ళవాళ్ళము, పెద్ద చదువులు చదివినవాళ్ళము. అక్కడ మనని కూచోబెట్టేది ఏమిటి? మంచి డాక్టరైతే ముందే ఒకమాట చెబుతాడు, "నొప్పిగా ఉంటే ఎడమచెయ్యి ఎత్తండి, ఆపేస్తాను" అని. చాలాసార్లు చెయ్యి ఎత్తము. ఎత్తవచ్చునని తెలిస్తే చాలు. ఆ చిన్న హక్కు రెండేళ్ళ పిల్లకి లేదు. దాని రెండు చేతులూ మనమే పట్టుకున్నాము. "ఆపు" అనే మాట దానికింకా సరిగా రాదు. వచ్చిన ఒక్క మాట ఏడుపు. దాన్ని వినగూడదని మనం ముందే నిశ్చయించుకున్నాము. డ్రయ్యర్ మనకి భయం వెయ్యదంటే అందులో మన ధైర్యమేమీ లేదు, స్విచ్చి మన బొటనవేలి కింద ఉన్నది గనక.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. నూరేళ్ళ కిందటిది. 1920లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ అనే ఇద్దరు ఒక పదకొండు నెలల పిల్లవాడి మీద చేసిన ప్రయోగం సైకాలజీ చదివినవారందరికీ తెలుసు. ఆల్బర్ట్ అన్న పేరుతో వ్రాశారు. వాడికి తెల్ల ఎలుకంటే భయం లేదు. ఎలుకని ముట్టబోయినప్పుడల్లా వాడి తల వెనక ఒక ఇనప కడ్డీని సుత్తితో కొట్టారు. కొన్నిసార్లకి కడ్డీ మోగకపోయినా ఎలుకని చూస్తే ఏడవడం మొదలుపెట్టాడు. అక్కడితో ఆగలేదు, కుందేలుని చూసినా, కుక్కని చూసినా, బొచ్చు కోటుని చూసినా అదే. ఆ భయం పోగొట్టకుండానే వాడిని పంపించేశారు. చదువుతూంటే ఎంత దుర్మార్గం అనిపిస్తుంది! మేము అక్టోబరు నెలలో మా స్నానాలగదిలో చేసినది దీనికి ఎంత దూరం? మేము తల వెనక మోగించాము. ఎలుక స్థానంలో నూనెగిన్నె ఉంది, ఆ వెనక అమ్మమ్మ ఉంది.

తరవాత నాలుగేళ్ళకి, 1924లో, మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ దీనికి విరుగుడు చూపించింది. చిత్రమేమంటే ఆ పనిలో సలహాదారు మళ్ళీ ఆ వాట్సనే. పీటర్ అని ఒక పిల్లవాడు, రెండేళ్ళ పది నెలలవాడు, కుందేలంటే హడలిపోయేవాడు. వాడిని కుర్చీలో కూచోబెట్టి ఇష్టమైనది తినిపిస్తూ, కుందేలుని పంజరంలో పెట్టి గదికి ఆ చివర ఉంచింది. వాడి తిండికి భంగం రానంతవరకే దగ్గరికి జరపడం. భయపడని పిల్లల్ని కూడా పక్కన ఆడించింది. మధ్యలో పిల్లవాడికి జబ్బు చేసి రెండు నెలలు ఆస్పత్రిలో ఉన్నాడు, బయటికి వస్తూంటే పెద్ద కుక్క ఒకటి మీదకి ఉరికింది, సాధించినదంతా పోయింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. చివరికి ఆ కుందేలు తన వేళ్ళు కొరుకుతూంటే పిల్లవాడు ఊరుకున్నాడు.

ఆవిడ ఆ ఏడాదే ఇంకొక వ్యాసంలో పిల్లల భయాలు పోగొట్టడానికి ఏయే పద్ధతులు పనికివస్తాయో పరీక్షించింది. నచ్చజెప్పడం, ఊరికే కొన్నాళ్ళు వదిలేయడం, నలుగురిలో ఎగతాళి చేయడం, తిట్టడం, దృష్టి మళ్ళించడం, అన్నీ చూసింది. గట్టిగా నిలిచినవి రెండే. ఇష్టమైనదానితో కలిపి కొద్దికొద్దిగా దగ్గర చేయడం ఒకటి, భయపడనివారిని చూసి నేర్చుకోనివ్వడం ఒకటి. మా దీపావళి సలహాదారులు చెప్పిన ఎగతాళి మందు 1924లోనే పనికిరాదని తేలింది. "పిరికిదానా" అని పిలిస్తే పిల్లకి ధైర్యం రాదు, ఆ పేరు వస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుందని తెలుసు. పెద్దవాళ్ళ భయాలకి భయపడే వస్తువునే ఎదురుగా పెట్టి వైద్యం చేస్తారు గదా, మేము చేసినదీ అదే గదా అని. చేస్తారు. కాని ఆ రోగి తనంతట తాను వస్తాడు, ఎందుకో తెలిసి ఒప్పుకుంటాడు, లేచి వెళ్ళిపోవడానికి తలుపు తెరిచే ఉంటుంది.

ఇంకొక ఆక్షేపణ మా వంటివాళ్ళది. "ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, అంత తీరిక ఎక్కడిది?" దీనికి మాకు జాలి ఉంది, మేమూ అదే గానుగలో తిరుగుతున్నాము గనక. కాని లెక్క వేసి చూడండి. ప్రతి ఆదివారం ముప్పావుగంట ఏడుపు, ఆ తరవాత పూటంతా ఇంటినిండా ముభావం. మేము తరవాత పెట్టినది రోజుకి అయిదు నిమిషాలు. ధైర్యం నేర్పుతున్నామని మనం చెప్పుకునేదానికి చాలా ఇళ్ళల్లో అసలు పేరు తొందర. తొందరని తొందర అనే ఒప్పుకుంటే సగం పని అయినట్టే. ఎందుకంటే అప్పుడు తలంటు శనివారం సాయంత్రానికి మార్చుకోవచ్చు.

"మన పాతపద్ధతే మేలు, డ్రయ్యర్లూ వద్దు గియ్యర్లూ వద్దు" అని ఈపాటికి కొందరు సంతోషిస్తూ ఉంటారు. వారికీ ఒక మాట. మా అమ్మమ్మగారు ఆ ముచ్చటా తీర్చారు. సాంబ్రాణి పొగ వేసి ఆరబెడదామని నిప్పుకణికలు రాజేశారు. వరండాలో వేసుకునే పొగ అపార్టుమెంటు హాలులో వేస్తే ఏమవుతుంది? కప్పుకున్న పొగ అలారం కూసింది. పది అడుగుల దూరంలో 85 డెసిబెల్స్ ఉండేట్టు తయారుచేస్తారు దాన్ని, చచ్చి నిద్రపోయేవాడైనా లేవాలని. చిన్నదానితో పాటు ఆవిడా హడలిపోయారు. పైగా ఆ పొగ పసివాళ్ళ ఊపిరితిత్తులకి మంచిదేమీ కాదు. ఇహ మన పాతపద్ధతుల్లో బూచాడు కూడా ఉన్నాడు. "అన్నం తినకపోతే బూచాడొస్తాడు, డాక్టరు సూది పొడుస్తాడు" అని చీకటికి, డాక్టరుకి భయం నేర్పి పెంచిన జాతి మనది. ఇప్పుడు కొన్ని ఇళ్ళల్లో "వాక్యూమ్ తెస్తా చూడు" అంటున్నారని విన్నాము. బూచాడికి ప్లగ్గు తగిలించాము, అంతే తేడా.

పాతలో మాకు పనికివచ్చినది ఒక్కటే, మెత్తటి పాత నేతచీర. టర్కీ తువ్వాలుతో రుద్దితే చిక్కులు పడతాయి. ఆ చీరముక్క తలకి చుట్టి, పిండకుండా, కొంచెం కొంచెం అద్దుతూ ఉంటే ఒత్తుజుట్టయినా మూడు పాళ్ళు తడి లాగేస్తుంది. చప్పుడు లేదు. మిగిలిన పాలు గదిలోని వెచ్చదనానికే ఆరుతుంది. జలుబు తెచ్చేది వైరస్ గాని తడిజుట్టు కాదని అమ్మమ్మగారికి చెప్పాము. నమ్మలేదు గాని ఊరుకున్నారు.

డ్రయ్యర్‌ని ఇంట్లోంచి పారెయ్యలేదు. అది లేకపోయినా మిక్సీ ఉంది, వాక్యూమ్ ఉంది, కుక్కర్ ఈల ఉంది, మంగలిషాపు మిషన్ ఉంది. వీధిలో మంచు ఊడ్చే బండి ఉంది. వేటివేటినని దాచగలం? అంచేత మేము ఇలా చేశాము. వారంరోజులు ప్లగ్గు పెట్టని డ్రయ్యర్ బొమ్మలబుట్టలో పడి ఉంది. అది దాన్ని ముందు కాలితో తోసింది, తరవాత చేతితో పట్టుకుంది, నాలుగోనాడు బొమ్మ తలకి పెట్టి నోటితో "బుర్ర్" అంది. నోటితో చేసే చప్పుడికి మాత్రం యజమాని తనే గదా. ఆ తరవాత తలుపులు వేసిన పడకగదిలో ఒకరం మోగించడం, హాలులో ఒకరి ఒళ్ళో కూచుని ద్రాక్షపళ్ళు నాలుగు ముక్కలు చేసినవి తినడం. మోగించేముందు ప్రతిసారీ చెప్పడం: "ఇప్పుడు చప్పుడు వస్తుంది, అయిదు అంకెలు లెక్కపెడతాను, ఆగిపోతుంది." అయిదంటే అయిదే. ఆరో అంకె దాకా మోగితే ఆ వారమంతా చేసిన పని దండగ. ఆ తరవాత తలుపు కొంచెం తీయడం. ఒకరోజు ఎదురుగా అమ్మమ్మ తల ఆరబెట్టాము. ఆవిడ నెరిసిన జుట్టు ఎగురుతూంటే చిన్నది నవ్వింది. మూడోవారంలో, స్నానాలగదికి దూరంగా, నీళ్ళు లేనిచోట, మేము పట్టుకుని ఉండగా, చల్లగాలి మీద ఉంచి, దాని వేలితో స్విచ్చి నొక్కించాము. ఆన్, ఆఫ్. ఆన్, ఆఫ్. పదిహేనుసార్లు నొక్కింది. ఆఫ్ అయినప్పుడల్లా మా మొహాలు చూసింది. పని కాగానే ప్లగ్గు తీసి పైన పెట్టేశాము. వేడి గొట్టం పసిపిల్లల చేతిలో ఉంచే వస్తువు కాదు, నీళ్ళ దగ్గర అసలే కాదు. ఈ మాట చెప్పకపోతే తప్పు మాది అవుతుంది.

మధ్యలో వెనక్కి పోలేదా అంటే పోయింది. క్రిస్మస్ సెలవల్లో పక్కవాటావాళ్ళు గోడకి డ్రిల్లు వేశారు. నాలుగు రోజులు బుట్టలో డ్రయ్యర్ ముట్టలేదు. పీటర్‌కి కుక్క, మాకు డ్రిల్లు.

ఒక సంగతి మాత్రం మన వాళ్ళకి గట్టిగా చెప్పాలి. భయం ఒక్క డ్రయ్యర్‌తో ఆగక, పిల్ల రోజంతా చిన్న చిన్న చప్పుళ్ళకే చెవులు మూసుకుంటున్నా, పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా, మాటలు రాకపోయినా, వచ్చిన మాటలు పోయినా, అది ఇంటివైద్యంతో పోయేది కాదు, పిల్లల డాక్టరుకి చెప్పాలి. చెవిలో చీము, నొప్పి ఉన్నా తల ముట్టనివ్వరు, అదీ చూపించాలి. ఆటిజం కోసం పద్దెనిమిది నెలలకి, రెండేళ్ళకి ప్రతి పిల్లనీ పరీక్షించాలని ఇక్కడి పిల్లల డాక్టర్ల అకాడమీ చెబుతోంది. మనవాళ్ళు ఆ కాగితం మీద అన్నీ "బాగానే ఉన్నాయి" అని గీతలు పెట్టి ఇచ్చేస్తారు, నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో అని. ఆ నలుగురే గదా దీపావళినాడు నవ్వినది. వాళ్ళకోసం పిల్ల చెవులు, మాటలు పణం పెట్టడమా?

జనవరి రెండోవారంలో ఒక ఆదివారం, ఎవరూ అడగకుండా, చిన్నది అలమార వైపు వేలు చూపించి "గిన్నె" అంది. అమ్మమ్మగారు దించి ఇచ్చారు. అది ఆ నూనె ముందు బొమ్మ తలకి రాసింది, తరవాత అమ్మమ్మ తలకి రాసింది, కొంత సోఫాకి రాసింది. తన తల మాత్రం ఆపై వారానికి గాని ఇవ్వలేదు. ఫిబ్రవరి చివర ఆవిడ విమానమెక్కేలోగా అయిదు తలంట్లు జరిగాయి. అయిదే. అక్టోబరులో మేము తొందరపడకపోతే ఇంకొక పది జరిగేవి.

ఈ నెలాఖరున ఉగాది. కార్యక్రమానికి ముందు స్కూలు ఆడిటోరియం వెనకగదిలో ఆడపిల్లల్ని నాట్యానికి తయారుచేస్తారు. నాలుగు డ్రయ్యర్లు ఒకేసారి మోగుతాయి. ఆ గది చూసుకునే సోదరీమణులకు ఒక మనవి. ఏడిచే పిల్లని ఇద్దరు పట్టుకుని మూడోవారు ఆరబెట్టడం ఈసారికి మానండి. తలుపు తెరిచి ఉంచండి, ముందు ఒకమాట చెప్పండి. జుట్టు ఆరని పిల్ల వెనకవరసలో ఆడితే ఉగాదికి వచ్చిన లోటు లేదు. మా చిన్నది కూడా వస్తుంది. ఈసారి జడ ఉంటుంది, వాళ్ళ నాన్నే అల్లడం నేర్చుకున్నాడు, కొంచెం వంకరగా ఉంటుంది. జుట్టు పూర్తిగా ఆరి ఉంటుందో లేదో మాత్రం ఇప్పుడే చెప్పలేము.